ఫాబియాన్‌కు రావలసిన మూడో దెబ్బ

ఫాబియాన్‌కు తన తొలి అడవికోడిని పడగొట్టడానికి పదకొండేళ్ళు పట్టింది. అదీ కుందేలును గురి చూసి పేలిస్తే పడింది. కుందేలు ఒక దిక్కుకు పోయింది, తూటా ఇంకో దిక్కుకు పోయింది, ఆ దిక్కునున్న తుప్పలోంచి అప్పుడే రెక్కలు టపటపలాడిస్తూ లేచిన కోడి మధ్యలో దొరికిపోయింది. ఇది నేను స్వయంగా చూశాను. కోడి కన్నా ఫాబియానే ఎక్కువ ఆశ్చర్యపోయాడు.

మా వేటగాళ్ళ సంఘంలో ఏ రకం జంతువునైనా తొలిసారి కొట్టినవాడికి దీక్ష ఇస్తాం. చచ్చిన జంతువు మీద అతన్ని బోర్లా పడుకోబెట్టి, అతను అడవిలో చేసిన నేరాలు చదివి వినిపించి, హేజెల్ చెట్టు బెత్తంతో పిర్రల మీద మూడు దెబ్బలు కొడతాం. మొదటిది వేటగాళ్ళ పునీతుడు హుబెర్ట్ పేరున, రెండోది సంఘం పేరున, మూడోది తోటి వేటగాళ్ళ పేరున. అడవికోడి మీద నిండు మనిషి పడుకుంటే కోడికేమీ మిగలదు కాబట్టి, దాన్ని ఆయన గడ్డం కింద దిండులా పెట్టాం. ఈక ముక్కులో దూరింది. సరిగ్గా దెబ్బ పడే వేళకు ఆయన తుమ్మి పక్కకు జరిగాడు. బెత్తం పక్కనే నిలబడ్డ దీక్ష న్యాయమూర్తి మోకాలికి తగిలింది. ఆ న్యాయమూర్తిని నేనే. అయినా దీక్ష చెల్లిందనే తీర్పిచ్చాను.

ఈ సంఘానికి ఇరవై ఏళ్ళుగా అధ్యక్షుణ్ణి నేను. అడవి గుడిసెకు పెంకులు వేయించాను. ద్రావా నది ఒడ్డు పొడవునా ఓక్ చెక్కతో మంచెలు కట్టించాను. నా హయాంలో కట్టిన మంచె ఏదీ ఇంతవరకు కూలలేదు, మనుషులు పడ్డారు గాని. మా గుడిసె గోడకున్నన్ని దుప్పికొమ్ములు చుట్టుపక్కల ఏ సంఘం గోడకూ లేవు. అవన్నీ ఒక ఎత్తయితే, ఫాబియాన్‌ను సభ్యుడిగా చేర్చుకోవడం ఒక ఎత్తు. ఆ దరఖాస్తు మీద సంతకం పెట్టిన చెయ్యి ఇదే.

ఆయన మా ఊరి మంగలి. చర్చి పక్కన ఒకే కుర్చీ ఉన్న కొట్టు. ఆ కుర్చీలో కూర్చున్నవాడు లేచి పోలేడు, మెడ మీద కత్తి ఉంటుంది గనక. ఫాబియాన్ నోరు ఆగదు. తుపాకీ పట్టి అడవికి వచ్చినా అంతే. మంచె మీద మాట్లాడకూడదన్నది మా నిబంధనల్లో మొట్టమొదటిది. ఆయన దాన్ని మన్నించి గుసగుసగా మాట్లాడతాడు. ఆ గుసగుస కాలవ అవతలి మంచెకు కూడా వినిపిస్తుంది. పందులకూ దుప్పులకూ వినిపించదా? ఆయన పక్కన కూర్చున్న ఏ వేటగాడూ ఇంతవరకు తుపాకీ పేల్చిన పాపాన పోలేదు.

మరి ఆయన్ని దూరం పెట్టామా అంటే, లేదు. వేట ముందురోజు టోపీలో చీట్లు వేసి ఎవరికి ఏ మంచె అన్నది తేలుస్తాం. ఫాబియాన్ మంచె ఎవరికి పడితే వాడి చుట్టూ మిగతావాళ్ళు మూగుతారు. మంచి కాపు, అంటే జంతువు కోసం కాచుకునే చోటు, వదులుకుని, పందుల దారి వదులుకుని, ఆ చీటీ మాకిమ్మని బతిమాలతారు. ఎక్కువగా బతిమాలేది ఆదాం. ఆదాం మా సంఘంలోకెల్లా గురిగల వేటగాడు, ఫాబియాన్‌కు సొంత బావమరిది. నలుగురిలో బావను ఏడిపించకుండా పూట గడవదు వాడికి. చాటుకు వచ్చి మాత్రం చీటీలు మార్చుకుంటాడు. ఒకసారి ఫాబియాన్ చెప్పిన పశువైద్యుడి మీసం కథ వింటూ నవ్వాపుకోలేక మంచె మీంచి కిందపడ్డాడు. కింద మంచు మెత్తగా ఉంది కాబట్టి ఎముకలు దక్కాయి. కథ ఇంకా సగమే అయింది కాబట్టి వెంటనే నిచ్చెనెక్కి మళ్ళీ పైకి పోయాడు.

ఆయన వంట సంగతి కూడా రాయాలి. వేట ముగిశాక మేం తినే చోబానాత్స్, అంటే మూడు నాలుగు రకాల మాంసం, గంపెడు ఉల్లిపాయలు, ఎర్ర మిరపపొడి వేసి కట్టెల మంట మీద పొద్దస్తమానం ఉడికించే పులుసు, అది ఫాబియాన్ చేతిదే. జిల్లా సంతలో జరిగే వంటల పోటీలో రెండుసార్లు మొదటి బహుమతి తెచ్చాడు. మూడోసారి బహుమతి రాలేదు. న్యాయనిర్ణేతలు మార్కులు వేయకుండా డేగిసా అడుగు దాకా నాకేశారు, తీరా మార్కులు వేసే వేళకు ఏం తిన్నారో వాళ్ళకే గుర్తు లేదు. ఈ అన్యాయం మీద నేను ఫిర్యాదు పెట్టాను. అది ఇంకా నడుస్తోంది.

ఇన్ని సాధించిన మనిషికి ఒక్కటే లోటు. మా గుడిసె గోడకు ఒక్కొక్క సభ్యుడి పేరు కింద ఒక మేకు ఉంటుంది. అడవిపందిని కొట్టి, దాని మీద పడుకుని దీక్ష తీసుకున్నవాడు ఆ పంది కోరలను తన మేకుకు తగిలించుకుంటాడు. కోరలున్నవాళ్ళకు పొడుగు బల్ల దగ్గర కూర్చునే హక్కు ఉంది. లేనివాళ్ళు పొయ్యి దగ్గర నిలబడి తినాలి. ఫాబియాన్ సంఘంలో చేరిన నాటి నుంచీ ఆయన మేకుకు వంట గరిటె వేలాడుతోంది. అదెవరు తగిలించారో చెప్పక్కర్లేదు, బావమరుదులున్న ప్రతివాడికీ తెలుస్తుంది.

మొన్న నవంబరులో నేను గడ్డం గీయించుకోవడానికి వెళ్ళినప్పుడు, ఆయన నా మెడ మీద కత్తి ఆనించి, ఎన్నడూ లేనిది, కాసేపు మాట్లాడకుండా ఉన్నాడు. నాకు భయం వేసింది.

"పెద్దాయనా, నాకు అరవై దగ్గర పడుతున్నాయి," అన్నాడు చివరికి. "ఆ మేకుకి గరిటె పెట్టుకుని పోవాలంటే మనసొప్పట్లేదు. ఒక్క పంది చాలు నాకు. పెద్దదే కానక్కర్లేదు, కోరలుంటే చాలు."

డిసెంబరు పెద్ద వేటలో ఆయనకు అవకాశం ఇస్తానని అక్కడికక్కడే మాటిచ్చాను. మెడ మీద కత్తి ఉన్నప్పుడు మనిషి చాలా న్యాయంగా ఆలోచిస్తాడు.

మాటిచ్చానే గాని, పులుసు వండేది ఎవరు? పులుసు లేని పెద్ద వేటకు ఊళ్ళో సగంమంది రారు. అందుకని రెండూ కలిపాను. కాలవ గట్టున, చెట్లు పలచబడేచోట, ఇనప ముక్కాలి నిలబెట్టి దానికి గొలుసుతో డేగిసా వేలాడదీయించి, ఆ చోటునే ఫాబియాన్ కాపుగా ప్రకటించాను. వంటకు వంట, కాపుకు కాపు. ఆ దిక్కుకు పంది వచ్చిన జ్ఞాపకం మా నాన్నకు కూడా లేదన్న మాట నిజమే. కాని నిబంధన ప్రకారం అది కాపే.

బయలుదేరే ముందు ఆదాం వచ్చి బావ భుజం తట్టాడు. "బావా, నువ్వు పులుసు మీద కన్నేసి ఉంచు. పందుల సంగతి మేం చూసుకుంటాం. నీ మేకుకి కొత్త గరిటె చేయిస్తాలే, ఈసారి ఇత్తడిది."

"నోరు పులుసు తినడానికి దాచుకో ఆదాం," అన్నాడు ఫాబియాన్, ఉల్లిపాయలు తరుగుతూనే. "ఇవాళ నేను పంది మీద పడుకుంటా. ఆ మూడు దెబ్బలూ నీ చేత్తోనే కొట్టాలి. మెల్లిగా కొట్టావంటే మీ అక్కతో చెప్తా."

అందరం నవ్వాం. ఆయన మాత్రం నవ్వలేదు. ఉల్లిపాయల వల్లో మరెందువల్లో కళ్ళు తడిగా ఉన్నాయి.

జంతువులను తోలేవాళ్ళు కుక్కలతో అడవిని ఒక వైపు నుంచి అదిలించుకుంటూ వచ్చారు. మధ్యాహ్నం దాకా మా వైపు ఒక్క పందీ రాలేదు. ఇక ముగించే కొమ్ముబూర ఊదిద్దామా అనుకుంటుండగా కాలవ దిక్కు నుంచి ఖంగుమని గంట కొట్టినట్టు పెద్ద మోత. తరవాత నిశ్శబ్దం. ఆ తరవాత ఫాబియాన్ కేక. మేం పరుగెత్తాం.

ఏం జరిగిందో ఆయన చెప్పినదాన్నిబట్టి రాస్తున్నాను. తుపాకీ చెట్టుకొమ్మకు తగిలించి ఉంది, చేతిలో గరిటె ఉంది. వినేవాళ్ళెవరూ లేక ఆయన పులుసుకే కథ చెబుతున్నాడు. వెనక ఎవరో ముక్కుతో గాలి పీల్చిన చప్పుడైతే ఆదాం అనుకుని, చూడకుండానే ఉప్పు అందించమన్నాడు. అందలేదు. తిరిగి చూస్తే పంది. నిండుగా ఎదిగిన మగ పంది, నిలబడి కథ వింటోందట. వింటోందన్నది ఆయన మాట, నేను జోక్యం చేసుకోను. అంతలో కుక్కలు దగ్గరపడ్డాయి. పంది బెదిరి ముక్కాలి కాళ్ళ మధ్యనుంచి దూసుకుపోబోయింది. కాలొకటి ఎగిరింది, గొలుసు తెగింది, నిండు డేగిసా పంది నెత్తిన పడింది.

మేం చేరేసరికి పంది కాళ్ళు చాపి పడి ఉంది. పక్కన మంచంతా ఎర్రగా పులుసు. నిజం చెప్పాలంటే పందిని మేం తరవాత చూశాం. ముందు పులుసుకే టోపీలు తీశాం. పొద్దుటినుంచీ ఖాళీ కడుపుతో ఉన్న మనుషులం. ఒకడు మోకాళ్ళ మీద కూర్చుని మంచు అంటని ముక్కలు ఏరసాగాడు. ఆదాం వాడికి గిన్నె పట్టుకున్నాడు.

తరవాత వాదన మొదలైంది. వేటగాడు తన ఆయుధంతో కొట్టినదే లెక్కకు వస్తుందని నిబంధన. డేగిసా ఆయుధమా? నేను కాస్త ఆలోచించి తీర్పు చెప్పాను. తుపాకీతో ఫాబియాన్ గురి చూసి కొట్టినది ఇంతవరకు ఏదీ లేదు, కాబట్టి దాన్ని ఆయన ఆయుధమనలేం. ఏ వేటకు వచ్చినా డేగిసా లేకుండా రాలేదు, కాబట్టి అదే ఆయన ఆయుధం. ఫాబియాన్ నా రెండు చేతులూ పట్టుకుని ఊపాడు.

పద్ధతి ప్రకారం అన్నీ చేశాం. పందిని కుడి పక్కకు తిప్పి ఓక్ కొమ్మల మీద పడుకోబెట్టాం. దానికి చివరి ముద్దగా నోట్లో చిన్న కొమ్మ పెట్టాం. తుపాకుల్లో తూటాలు తీసేసి చెట్టుకు వరసగా ఆనించాం. టోపీలు తీశాం. చనిపోయిన జంతువుకు మర్యాదగా ఊదే పాట కొమ్ముబూర మీద ఊదించాను. కన్ను ముట్టి చూసి ప్రాణం పోయిందో లేదో తేల్చుకోవాలని కొత్తగా చేరినవాళ్ళకు నేర్పేది నేనే. కాని నోట్లో కొమ్మ పెట్టాక, బూర ఊదాక, మా లెక్కలో అది చచ్చినట్టే. ఇంక అనుమానించడం మర్యాద కాదు.

ఫాబియాన్ పంది మీద బోర్లా పడుకున్నాడు. నేరాలు ఆదాం చదివాడు: మంచె మీద మాట్లాడడం, మాట్లాడనప్పుడు గురక పెట్టడం, వేటగాళ్ళను మంచెల మీంచి పడేయడం, ఇవాళ ఇంతమంది పులుసును నేలపాలు చేయడం. నేరస్థుడు అన్నీ ఒప్పుకున్నాడు. మొదటి దెబ్బ పడింది. మంచి దెబ్బ.

"పెద్దాయనా, ఇది వెచ్చగా ఉందండీ," అన్నాడు ఫాబియాన్ తల ఎత్తి.

ఇప్పుడే చచ్చినది వెచ్చగా కాక చల్లగా ఉంటుందా, నోర్మూసుకుని పడుకోమన్నాను. రెండో దెబ్బ పడింది.

"కదుల్తోంది ఆదాం."

"కదిలేది నీ పొట్ట బావా. కాస్త ఊపిరి బిగబట్టు, ఇంకొక్కటే."

ఆదాం మూడో దెబ్బకు బెత్తం ఎత్తాడు. పంది లేచింది.

అది అరవలేదు, గింజుకోలేదు. నిద్రలేచిన మనిషిలా లేచి, ఫాబియాన్‌ను వీపున వేసుకుని పరుగు తీసింది. ఆయన దాని మెడ జూలు పట్టుకున్నాడు. ఆయన బూట్లు రెండువైపులా మంచును దున్నుకుంటూ పోయాయి. మేం పదిహేనుమంది వేటగాళ్ళం తలలకు టోపీలు లేకుండా, తూటాలు లేని తుపాకులకు దూరంగా నిలబడి చూశాం. బూర ఊదేవాడికి ఎవరూ ఆపమని చెప్పకపోవడంతో చావు పాట ఇంకా ఊదుతూనే ఉన్నాడు. విల్లో చెట్టు మలుపులో ఫాబియాన్ జారి కాలవలో పడ్డాడు. పంది నోట్లో కొమ్మతో, వీపున ఎర్ర పులుసుతో అడవిలోకి పోయింది.

కాలవలోంచి తల బయటికి రాగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఎన్ని పడ్డాయి?"

"రెండే," అన్నాడు ఆదాం. ఆ ఒక్కసారికి వాడు ఏడిపించలేదు. కోటు విప్పి బావకు కప్పాడు.

ఆ సాయంత్రం గుడిసెలో తీర్పు చెప్పాల్సింది నేను. దీక్ష చెల్లింది, కోరలు పందితో పోయినా పరవాలేదు, బల్ల దగ్గర కూర్చోనివ్వమని కొందరన్నారు. ఇలాంటి సమయంలోనే అధ్యక్షుడనేవాడు గట్టిగా నిలబడాలి. రెండు దెబ్బలు పడ్డాయి, అవి చెల్లుతాయి, ఎవరూ వెనక్కి తీసుకోలేరు. మూడోది బాకీ. అది ఆ పంది మీద పడుకున్నప్పుడే పడాలి, వేరే పంది పనికిరాదు. ఈ తీర్పును పక్క జిల్లా సంఘాలవాళ్ళు కూడా మెచ్చుకున్నారు. ఫాబియాన్ తీర్పు తీర్పే కదా అని, పొయ్యి దగ్గరే నిలబడి రొట్టె తిన్నాడు.

జనవరి ఆరున వచ్చే ముగ్గురు రాజుల పండగ వెళ్ళగానే ఆయన కొట్టుకు తాళం వేశాడు. నదికి ఎగువన లంకలో ఒక పాత గుడిసె ఉంది. పంది అడుగులు అటే పోయాయి. డేగిసా, తుపాకీ, బస్తాడు మొక్కజొన్నలు, పందికొవ్వు, ప్లమ్ పళ్ళ సారా పడవలో వేసుకుని బయలుదేరాడు. భార్య మాంద రొట్టెలు కట్టిచ్చింది. ఎన్నాళ్ళని అడిగితే, మూడో దెబ్బ పడేదాకా అన్నాడట.

"ఆ ఒక్క దెబ్బకి అంత దూరమెందుకయ్యా, ఇంట్లో నేనిస్తాగా," అందట మాంద. అది చెల్లదని ఆయనకు నిబంధనలు తెలుసు.

ఆయన లేకుండా మేం చేసిన వేటలు సంఘం చరిత్రలో రాయదగ్గవి. మొదటి శనివారం రెండు పందులు, రెండో శనివారం ఒక దుప్పి, ఇంకో మూడు పందులు. అంత నిశ్శబ్దంగా అడవి ఎప్పుడూ లేదు. తూటా వృథా కాలేదు. వేట ముగిశాక చల్లటి సాసేజీలు నిలబడి నమిలి, చీకటి పడకముందే ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోయారు. బల్ల దగ్గర కోరలున్న వీరులు పళ్ళు కుట్టుకుంటూ కూర్చున్నారు. ఒకడు తను కొట్టిన పంది కథ చెప్పబోయాడు. చూశాను, కాల్చాను, పడింది, అన్నాడు. కథ అయిపోయింది.

"ఇది వేటా, కసాయి కొట్లో ఉద్యోగమా?" అన్నాడు ఆదాం.

దానికి తోడు ఊరంతా గడ్డాలు. చర్చిలో ఆదివారం ప్రార్థనకు నిలబడితే పక్కవాడెవడో పోల్చుకోవడం కష్టమైంది. పాదిరీగారికే గడ్డం పెరిగి, గోడ మీది పునీతుల్లో కలిసిపోయారు.

ఫాబియాన్‌ను వెంటనే తీసుకురమ్మని ఆదాంను పంపాను. వాడు వెళ్ళాడు, రాలేదు. వాణ్ణి తీసుకురమ్మని కోశాధికారిని, బూర ఊదేవాణ్ణి పంపాను. వాళ్ళూ రాలేదు. బూర వాళ్ళ దగ్గరే ఉండిపోవడంతో ఇక్కడ వేట మొదలుపెట్టడానికి నేను ఈల వేయాల్సి వచ్చింది.

చివరికి రొట్టెలు పట్టుకుని మాంద పడవలో వెళ్ళి చూసి వచ్చింది. నలుగురూ ఒకే మంచె మీద ఇరుక్కుని కూర్చున్నారట. కింద డేగిసా ఉడుకుతోందట. పంది రోజూ సాయంత్రం వస్తోందట, మొక్కజొన్నలు తిని, కాసేపు నిలబడి పోతోందట. వీపు మీద ఎరుపు ఇంకా పోలేదట.

"మరి కాల్చరేం?" అన్నాను.

"మొదటిసారి వచ్చినప్పుడు మా ఆయన కథ మధ్యలో ఉన్నాడంట. తుపాకీ ఎత్తబోతే మా తమ్ముడు చెయ్యి పట్టుకుని, అది పూర్తి చెయ్యి బావా, పంది రేపూ వస్తది అన్నాడంట. అప్పట్నించీ ఏ కథా పూర్తి కావట్లేదు."

నేను సంఘం సమావేశం పెట్టాను. గడ్డాలు తడుముకుంటూ అందరూ వచ్చారు. తీర్పు మార్చే అధికారం నాకు లేదు, కాని వివరించే అధికారం ఉంది. దీక్ష తీసుకునేవాడు పందిపై పడుకోవాలన్నాం. ఆ పందిని పడగొట్టిన ఆయుధం డేగిసా అని కూడా అన్నాం. పంది అందుబాటులో లేనప్పుడు ఆయుధం మీద పడుకున్నా చెల్లుతుందని వివరించాను. ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. డేగిసా బోర్లించి, దాని మీద ఫాబియాన్ బోర్లా పడుకుంటాడు, ఆదాం కొడతాడు, ఫాబియాన్ లేచి పొడుగు బల్ల దగ్గర కూర్చుంటాడు. హేజెల్ బెత్తం నేనే స్వయంగా కోసి నానబెట్టాను.

కబురు మాంద పట్టుకెళ్ళింది. ఫాబియాన్ విని టోపీ తీశాడట. పెద్దాయన మాట కాదననని, డేగిసా మీదే పడుకుంటానని చెప్పమన్నాడట. కాకపోతే జనవరి చివరిరోజు దాకా పంది వేటకు గడువుంది, ఈలోగా ఒక్క కథయినా పూర్తి కాకపోదు, ప్రయత్నిస్తానన్నాడు. పంది పడ్డా పడకపోయినా గడువు ముగిశాక ముగ్గుర్నీ పడవెక్కించుకుని బయలుదేరతాడు. కొవ్వొత్తుల పండగనాడు ఇంట్లో భోజనానికి లేకపోతే కొట్టు తాళం మారుస్తానని మాంద చెప్పి వచ్చింది కాబట్టి, ఫాబియాన్ ఆ పండగ రోజునే, ఫిబ్రవరి రెండో తేదీన, వస్తాడు.